ఎనిమిదికీ ఎనిమిదిన్నరకీ మధ్య

మార్చి 3

చాంబర్ ఎనిమిది అంది. కెలోరీమీటర్ ఎనిమిది పాయింట్ తొమ్మిది అంది.

బీమ్ ఒకటే, గది ఒకటే, బల్ల మీద గుర్తు పెట్టిన చోటూ ఒకటే. ఒక పరికరం పెట్టి రేడియేషన్ డోసు కొలవడం, తీసేసి రెండోది పెట్టడం, మళ్లీ మొదటిది. పొద్దంతా ఇదే పని. అంకెలు మాత్రం ఎక్కడివక్కడే. పెద్దసారుకి ఫోన్ చేస్తే నవ్వారు. "ఆ వేడి డబ్బాని నమ్ముకుని నా చాంబర్‌ని అనుమానిస్తావా అమ్మాయ్" అన్నారు.

ఆయన చాంబరట. ఆస్పత్రిది కాదు, ఆయనది.

ఈ నెలలోనే మొదటి మనిషికి ఈ బీమ్ ఇవ్వబోతున్నారు. ఇంతవరకు ఎలుకలకే ఇచ్చాం. మామూలుగా నిమిషాలు పట్టే ప్రోటాన్ డోసు మొత్తం రెప్పపాటులో పడిపోతుంది. అంత వేగంగా ఇస్తే గడ్డకు తగలాల్సింది తగులుతుందనీ, చుట్టూ ఉన్న మంచి కండకూ చర్మానికీ దెబ్బ తగ్గుతుందనీ ఆశ. మంచి ఆశే. నేనూ దానికోసమే ఇన్నేళ్లుగా ఇక్కడ పడి ఉన్నాను. కానీ ఎంత పోస్తున్నామో తెలియకుండా మనిషి మీద పోయడం ఏమిటి?

మార్చి 4

రిపోర్టు రాసి పెద్దసారుకి పంపాను. చదవలేదు.

మార్చి 5

చదవలేదు.

మార్చి 6

చదివారు.

గదికి పిలిచారు. కూర్చోమనలేదు. కొలవడం అంటే ఏమిటో నాకు నేర్పింది ఆయనే. ఒకప్పుడు ఆ గదిలో ఆయన కుర్చీ నాకిచ్చి తను నిలబడి లెక్కలు చెప్పేవారు. ఇవాళ నా రిపోర్టును కాఫీ కప్పు కింద పెట్టుకున్నారు. కాగితం మీద గుండ్రంగా మరక.

"పదకొండు శాతం తేడానా? ఎవరికైనా చూపిస్తే నవ్విపోతారు."

"నవ్వితే నవ్వనీండి సార్. బీమ్ ఇంత వేగంగా పడితే చాంబర్‌లో పుట్టిన అయాన్లు వాటిని లాగే పళ్లేల దాకా చేరట్లేదు. దారిలోనే ఒకదాన్నొకటి పట్టుకుని కలిసిపోతున్నాయి. చేరినవే లెక్కకొస్తున్నాయి. మనం ఇచ్చేది ఎక్కువ, అది చెప్పేది తక్కువ."

"దానికి సవరణ వేశాంగా."

"ఆ సవరణ నెమ్మది బీమ్‌కి కట్టింది సార్."

ఆయన మెల్లగా, జాలిగా అన్నారు, "నీకింకా ఆ కడుపుమంట చల్లారలేదా అమ్మాయ్?"

ట్రయల్ బాధ్యత నాకివ్వలేదని నా కడుపుమంటట. నాకా సంగతే గుర్తు లేదు. పోయిన నవంబరులో, గురువారం సాయంత్రం, నా పేరు ప్రకటిస్తానని చెప్పి అందరి ముందూ తన పేరే చెప్పుకున్నారన్న సంగతి నాకు అసలు గుర్తే లేదు.

రేపటి నుంచి కెలోరీమీటర్‌కి బీమ్ టైము లేదన్నారు. రిపోర్టు వెనక్కి ఇచ్చారు. మరకతో సహా.

మార్చి 7

కోపం లేదు.

మార్చి 9

ఆదివారం. గిన్నెలు కడుగుతుంటే అత్తయ్య బఠాణీలు ఒలుస్తూ, "ఆ గిన్నెలు ఏం పాపం చేశాయమ్మా" అంది. చెప్పాను. స్టేడియం గేటు దగ్గర ఒకడు నిలబడి వచ్చేవాళ్లని లెక్కపెడుతుంటాడు అత్తయ్యా, ఒక్కొక్కరుగా వస్తే సరిగ్గానే పెడతాడు, అందరూ ఒక్కసారిగా తోసుకొస్తే కొంతమంది లెక్కలోకి రాకుండానే లోపలికి పోతారు. మా చాంబర్ ఆ గేటు దగ్గర మనిషి. అత్తయ్య శ్రద్ధగా విని, "అర్థమైంది. మరి గిన్నెలేం చేశాయి?" అంది.

భోజనాల దగ్గర మా ఆయన కదిపారు. ఆయనది యాక్సిలరేటర్ కంట్రోల్ రూము. బీమ్ వదిలేది ఆయన, కొలిచేది నేను. పెళ్లి అయినప్పటి నుంచీ ఇంట్లో కూడా ఇంతే.

"నెమ్మది బీమ్‌లో రెండింటినీ పెట్టి చూశావా?" అన్నారు.

"ఎందుకు?"

"అక్కడ రెండూ కలవాలిగా. అక్కడ కలిస్తేనే కదా, ఇక్కడ విడిపోయింది వేగం వల్లనే అనగలం."

"నాకు టైమిచ్చారా మీ సారు?"

"పోయిన సోమవారం పొద్దంతా నీదేగా."

తలనొప్పిగా ఉందని లేచాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఆయన గొణగడం వినిపించింది. పెద్దసారు గురించే అయ్యుండాలి.

మార్చి 11

ఆవిణ్ణి చూశాను. మొదటి మనిషిని.

ఈత కోచ్. మోకాలి కింద ఎముకలోకి పాకింది క్యాన్సర్. లిఫ్టు దగ్గర చంకకర్రలతో నిలబడి ఉంది, నేను పరికరాల పెట్టె తోసుకుంటూ వెళ్లాను. "మీరేనా కొలతలావిడ? ఆ పెట్టె గురించి నర్సు చెప్పింది" అంది. గొంతు పెద్దది. కొలను అవతలి గట్టుకు వినిపించేలా అరిచి అరిచి అలవాటైన గొంతు.

లిఫ్టు ఎంతకీ రాలేదు. ఆవిడ మాట్లాడుతూనే ఉంది. కుర్చీలో కూర్చుని కోచింగ్ ఇవ్వమంటున్నారట. "పిల్లలు ఈదుతుంటే గట్టు మీద వాళ్లతో పాటు నడుస్తూ తిట్టాలండీ. కూర్చుని తిడితే ఎక్కదు" అంది. కొలను పొడవునా ఒక్కసారి నడవగలిగితే చాలట.

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాక అడిగింది. "నాకు ఎంత ఇస్తామన్నారో అంతే ఇస్తారు కదండీ?"

"అవునండీ" అన్నాను.

ట్రయల్ విషయాలు రోగులతో మాట్లాడకూడదని రూలు. ఇంకేమనాలి?

మార్చి 12

డాక్టరమ్మ దగ్గరికి తిన్నగా వెళ్లాను. ఆవిడ కోచ్‌కి వైద్యం చేసే డాక్టరు, బీమ్ ఇవ్వమని సంతకం పెట్టేది ఆవిడే. రెండు అంకెలూ చెప్పాను.

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అదే చోట ఆ కాలుకి ఇంతకు ముందొకసారి రేడియేషన్ ఇచ్చారు. ఎనిమిది తట్టుకుంటుందని నా నమ్మకం. తొమ్మిది దాకా వెళ్తే చర్మం ఊడి పుండు పడుతుంది, అది మానదు. సార్‌కి చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"కడుపుమంట అన్నారు."

తేలేదాకా ఆపుతున్నానంది. నా ముందే ఫోన్ చేసి చెప్పేసింది. నడవాలో నడుస్తుంటే నేల మెత్తగా ఉన్నట్టనిపించింది. ఎవరో ఒకరు విన్నారు. ఈ భవనంలో ఒకరికైనా చెవులున్నాయి.

మార్చి 14

పెద్దసారు క్యాంటీన్‌లో, అందరి ముందూ, "శభాష్" అన్నారు. "అక్కడ రోగి నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఇక్కడ మన అమ్మాయి పాయింట్ తొమ్మిది కోసం ధర్నా చేస్తోంది."

అందరూ ప్లేట్లలోకి చూసుకున్నారు. నా మొగుడు కూడా.

బయటి లాబ్ వాళ్లను పిలిపించి తేలుస్తారట. వాళ్లెప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. మా మెషీను, మా బీమ్, పక్క గదిలో నేను. అయినా బయటివాళ్లు రావాలి. ఇంటిమనిషి మాటకు విలువుండదు కదా.

ఇంటికొచ్చాక ఆయనతో మాట్లాడలేదు. కోపం లేదు.

మార్చి 18

కెలోరీమీటర్ అంటే గ్రాఫైట్ బిళ్ల. బీమ్ పడితే అది లవలేశం వేడెక్కుతుంది. ఆ వేడిని పట్టడానికి లోపల నువ్వుగింజంత పూస ఉంటుంది, థెర్మిస్టర్. ప్రతి పూసకూ దానిదైన గుణకం. పూస ఇచ్చిన విలువను దానితో హెచ్చవేస్తే డోసు ఎన్ని గ్రేలో తెలుస్తుంది.

పోయిన ఏడాది శుభ్రం చేస్తుంటే పూస విరిగింది. కొత్తది వేయించాను. నేనే వేయించాను.

ఇవాళ బయటి లాబ్ వాళ్ల కోసం వివరాలు పంపుతూ గుణకం దగ్గర ఆగిపోయాను. నేను వాడుతున్నది పాత పూసది.

మళ్లీ లెక్క కట్టాను. ఎనిమిది పాయింట్ తొమ్మిది కాదు. ఎనిమిదిన్నర.

పదకొండు కాదు. ఆరు. మిగతా ఐదూ నావి.

ఆరు కూడా తక్కువేం కాదు. చాంబర్ తక్కువ చెబుతున్న మాట నిజమే. నేను చెప్పింది నిజమే, ఎంత అన్నదే తప్పు. ఆయన చెప్పిందైతే అసలే తప్పు. ఈ రెండు తప్పులూ ఒకటి కావు. కానే కావు. కానీ ఇది బయటపడితే ఆరును ఎవడు వింటాడు? పదకొండుతో పాటు దాన్నీ ఊడ్చి బయట పారేస్తారు.

రేపు చెబుతాను.

మార్చి 19

చెబుదామనుకున్నాను. పెద్దసారు మీటింగులో ఉన్నారు.

మార్చి 20

పెద్దసారు ఖాళీగానే ఉన్నారు. నాకే పనులు.

మార్చి 21

కోచ్‌ని చక్రాల కుర్చీలో తెచ్చారు, నొప్పి మందు పెంచడానికి. మనిషి సగమైంది. ఆ గొంతు కూడా తగ్గింది. నన్ను చూసి చెయ్యి ఊపింది. తప్పించుకుని పోవచ్చు. పోబోయాను కూడా.

"ఎందుకు ఆపేశారో మీకు తెలుసా?" అంది. "అడిగితే డాక్టరమ్మ, కొలతల్లో ఏదో చూస్తున్నారమ్మా అంటుంది. కొలతలావిడ మీరేగా."

రూలు గుర్తొచ్చింది. ఈసారి రూలు ముఖం చూడబుద్ధి కాలేదు. పక్క బెంచీ మీద కూర్చుని అంతా చెప్పాను. చాంబర్ తప్పు. పెద్దసారు మొండితనం. తర్వాత, నేల చూస్తూ, నా పూస.

ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక అంది. "ఆ రోజు లిఫ్టు దగ్గర నేను అడిగినప్పుడు ఇదంతా మీకు తెలుసు."

"తెలుసండీ. పూస సంగతి తప్ప."

"తెలిసే అవునండీ అన్నారు."

తల ఊపాను.

"నా కాలు మీద మీరిద్దరూ పోట్లాడుకుంటున్నారు. ఊరందరికీ తెలుసు, కాలున్నదాన్ని నాకు తప్ప. ఆరు శాతం ఆయనది, ఐదు శాతం మీది. నొప్పి మాత్రం పూర్తిగా నాదే. దాంట్లో ఎవరూ వాటాకు రాలేదే?"

"మీ మంచి కోసమే ఆపించానండీ."

"నా మంచి నాకు చెప్పి చూడాల్సింది. చెప్పుంటే నేనే ఆపమనేదాన్నేమో. ఆగడం నాకు చేతకాదనుకున్నారా? పిల్లల్ని నీళ్లలో దింపి గట్టున ఆగడమేగా నా పని." ఆయాసపడింది. "వెళ్లి కొలవండి. ఇద్దరూ ఒక్కచోట నిలబడి కొలవండి. అప్పుడు పిలవండి నన్ను."

దారంతా ఆవిడ మీద మండిపడుతూ వచ్చాను. ఎవరికోసం ఇదంతా చేశాను, ఎవరు నన్ను నిలదీస్తున్నారు అని. ఇప్పుడు ఈ వాక్యం రాసి చూసుకుంటే సిగ్గేస్తోంది. మండడం మాత్రం తగ్గలేదు.

మార్చి 22

డాక్టరమ్మ గదిలో ముగ్గురం. పూస సంగతి నేనే చెప్పాను.

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలారు. ఎన్నాళ్లకో ఆయన భుజాలు దిగడం చూశాను. "నేను చెప్పలేదా" అన్నారు డాక్టరమ్మతో. నాతో కాదు. "ఆ డబ్బా మీద అతినమ్మకం వద్దని చెప్పలేదా?"

"ఐదు పోయింది సార్. ఆరు మిగిలింది."

"రేపు ఆ ఆరూ పోతుంది అమ్మాయ్."

"పోతే పోనీండి సార్. పోవడం నా కళ్లతో చూస్తాను" అంది డాక్టరమ్మ. "సోమవారం పొద్దున్న నా రోగుల టైములోంచి బీమ్ ఇస్తున్నాను. మీరిద్దరూ ఉండాలి. బయటి లాబ్ వాళ్ల కోసం నా రోగిని ఇంక పడుకోబెట్టను."

సాయంత్రం ఇంట్లో మా ఆయనకు చెప్పాను. నెమ్మది బీమ్‌లో చూడమన్నాను కదా అనలేదు. అంటారేమోనని భోజనమంతా ఎదురుచూశాను. కూర ఇంకొంచెం వేసుకోమన్నారు, అంతే. అదీ మంటగానే ఉంది.

మార్చి 24

మొదట నెమ్మది బీమ్. కొత్త పూస, కొత్త గుణకం. చాంబర్, కెలోరీమీటర్ అక్కాచెల్లెళ్లలా ఒకే మాట చెప్పాయి.

తర్వాత వేగం పెంచమన్నాను. కంట్రోల్ రూములోంచి మా ఆయన గొంతు, "ఇస్తున్నా" అని. చాంబర్ ఎనిమిది. కెలోరీమీటర్ ఎనిమిదిన్నర. ఫిల్మ్ కూడా పెట్టాను. దానికి వేగంతో పని లేదు, ఎంత పడితే అంత నల్లబడుతుంది. అదీ ఎనిమిదిన్నరకే నల్లబడింది.

డాక్టరమ్మ పెద్దసారు వైపు చూసింది.

ఆయన లేచారు. చాంబర్‌కి కరెంటిచ్చే పెట్టె దగ్గరికి వెళ్లి, ఎవరూ అడక్కుండానే, ఓల్టేజిని సగానికి తగ్గించారు. మళ్లీ బీమ్ ఇమ్మన్నారు. చాంబర్‌లో అయాన్లు తప్పిపోకపోతే, ఓల్టేజి తగ్గించినా రీడింగు దాదాపు కదలకూడదు. తప్పిపోతుంటే, లాగే బలం తగ్గేసరికి ఇంకా తప్పిపోతాయి. చాంబర్ నిజాయితీని చాంబర్ చేతే చెప్పించే పరీక్ష అది. ఎవరైనా చేయొచ్చు. మొదటి రోజే చేయొచ్చు.

రీడింగు బాగా పడిపోయింది.

"తగ్గింది" అన్నారు. స్విచ్ యథాస్థానంలో పెట్టి, కోటు తగిలించుకుని వెళ్లిపోయారు.

ఎంత పనిది? నా రిపోర్టు మీద కప్పు పెట్టే బదులు ఆ మీట తిప్పుంటే పోయేది కదా. తెలియనివాడు చేయలేదంటే సరే. తెలిసినవాడు చేయలేదు. నేను గెలిచానట, డాక్టరమ్మ భుజం తట్టింది. గెలుపు ఇలా ఉంటుందా?

మార్చి 27

నిజంగా ఎనిమిది పడేలా బీమ్ తగ్గించాం. పెద్దసారు, నేను, ఇద్దరం సంతకం చేశాం. అంతకు ముందు నేను కోచ్ గదికి వెళ్లి, ఏం కొలిచామో, ఎంత పడుతుందో, ఎటు ఎంత తేడా రావచ్చో చెప్పాను. ఆవిడ అడిగినన్ని ప్రశ్నలు నన్ను ఇంటర్వ్యూలో కూడా అడగలేదు.

లోపల పడుకోబెట్టారు. తలుపు మూశారు. మా ఆయన మీట నొక్కారు.

స్పీకర్లోంచి కోచ్ గొంతు, "ఎప్పుడు మొదలుపెడతారండీ?"

"అయిపోయిందండీ" అన్నాను.

"దీనికా ఇంత రాద్ధాంతం" అంది.

ఏప్రిల్ 10

చర్మం కొద్దిగా ఎర్రబడింది, అంతే. నొప్పి తగ్గుముఖం పట్టిందట. డాక్టరమ్మ చెప్పింది. కోచ్ చెప్పలేదు. నాతో ముక్తసరిగానే ఉంటోంది. ఉండనీ.

మే 16

ఆస్పత్రి హాల్లో సభ. పూలు, కెమెరాలు, కొత్త పద్ధతి మీద పెద్దసారు ప్రసంగం. నేను చివరి వరసలో కూర్చున్నాను. మొదటి వరసలో చేతికర్రతో కోచ్, ముఖ్య అతిథిలా.

పెద్దసారు బాగా మాట్లాడతారు. ఎప్పుడూ అంతే. చివర్లో అన్నారు, "మొదటి రోజు నుంచీ మా కొలతల మీద మాకు రవ్వంత అనుమానం కూడా లేదు."

నా పక్కనున్న మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. లేస్తానేమోనని కాబోలు. నేను లేవలేదు. కోచ్ లేచింది.

"ఒక్క మాటండీ." మైకు అక్కర్లేదు ఆ గొంతుకి. తిరిగొచ్చింది ఆ గొంతు. "అనుమానం లేకపోతే నన్ను అన్ని రోజులు ఎందుకు పడుకోబెట్టారు?"

హాల్లో ఎవరో నవ్వబోయి మానుకున్నారు.

"మీ భద్రత కోసమేనమ్మా" అన్నారు పెద్దసారు.

"అనుమానం లేనప్పుడు భద్రత దేనికండీ?"

ఆయన నీళ్లు తాగారు. గ్లాసు పెట్టి హాలంతా వెతికారు. నా మీద కళ్లు ఆగాయి. "ఆ సంగతి చెప్పాల్సిన మనిషి వెనకాల కూర్చుంది" అన్నారు.

మా ఆయన చెయ్యి వదిలేశారు.

వెళ్లి చెప్పాను. చాంబర్ తక్కువ చూపించిందని, ఆరు శాతం తప్పిపోయిందని. నేను పదకొండు అన్నానని, అందులో ఐదు నా పొరపాటని, ఆ పొరపాటు తెలిశాక కూడా మూడు రోజులు దాచానని. ఇద్దరిలో ఎవరమూ ఆవిడకు సమయానికి చెప్పలేదని. చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తెలియలేదు. కోచ్ తల ఊపి కూర్చుంది.

వెనక వరసల్లోంచి ఒక నడివయసు మనిషి లేచాడు. వాళ్ల నాన్నది తర్వాతి వంతట. "మా నాన్నకి ఎవరు కొలుస్తారండీ?"

పెద్దసారు మైకు దగ్గరికి వంగారు. "ఇద్దరం" అన్నారు. "కొలిచి, ముందు మీ నాన్నగారికే చెబుతాం."

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు సంతోషం కలగాలి. ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, ఈ కుర్చీలో కూర్చున్నాక కూడా కలగలేదు. ఈ ఒక్క మాట మా ఇద్దరి నోటివెంట రావడానికి ఒక మనిషి అన్నాళ్లు పళ్లు బిగబట్టి మంచం మీద పడి ఉండాల్సొచ్చిందే అన్న మంటే మిగిలింది.

కోపం ఉంది. ఉండనిస్తాను.